దిక్కుల ఆట

"రత్నం, నువ్వు ఆ తెర పక్కకి పోయి కూర్చో. ఇక్కడుంటే పిల్లలకి అడ్డం," అంది ఇందుమతీదేవి.

జీవరత్నం లేచింది. అరవై ఆరేళ్ళ మనిషి. రెండు మోకాళ్ళూ పట్టేశాయి. లేవాలంటే ముందు అరచేతులు నేలకి ఆనించాలి, ఒక కాలు మడవాలి, ఊపిరి బిగబట్టాలి. అలాగే లేచి, ఒక చేత్తో తాళం కర్ర, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నడిచి, తెర పక్కన మళ్ళీ అంత కష్టమూ పడి కూర్చుంది. ఎనిమిది మంది పిల్లలు వరసలో నిలబడి చూశారు. స్టేజి కింద కుర్చీలు మూడొందలు ఉన్నాయి. ఎవరూ ఒకటి తీసి వెయ్యలేదు. మృదంగం నాగభూషణం గారు మాత్రం తను వీపుకి ఆనించుకున్న బొంత తీసి, "వెనకాల పెట్టుకోండి రత్నమ్మగారూ, గోడ చల్లగా ఉంటుంది," అన్నాడు.

హైమవతి హాలు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. బడి వదిలాక అమ్మని ఇంటికి తీసుకెళ్దామని వచ్చింది. ఆమె ముందు విన్నది ఆ 'నువ్వు'. ఇందుమతీదేవికి నలభై నిండి ఉండవు. అమ్మ ఆమెని 'అమ్మగారూ' అంటుంది, ఆమె అమ్మని 'నువ్వు' అంటుంది. గురువారం సాయంత్రం అప్పటికింకా నాలుగున్నర. ప్రదర్శన శనివారం.

"ఎత్తుకోండి," అంది ఇందుమతీదేవి.

జీవరత్నం కర్ర పీట మీద పడింది. ఆమె కళ్ళు రెండింటిలోనూ శుక్లాలు. మనుషులు ఆమెకి కదిలే రంగుల ముద్దలు. ఆడపిల్లల పరికిణీలు పసుపుగా, ఎర్రగా అలుక్కుపోయి కనిపిస్తాయి తప్ప కాలెక్కడుందో చెయ్యెక్కడుందో తెలియదు. కానీ చెవి చెవే. నాలుగు ఆవర్తాలు కాకుండానే కర్ర ఆపి, "చివర ఉన్న పిల్లెవరమ్మా? ఎడమ మడమ ఆనటం లేదు. నేలని తొక్కు తల్లీ, గిల్లకు," అంది. చివర ఉన్న పిల్ల సిగ్గుపడి నవ్వింది. మళ్ళీ మొదలైంది.

వాళ్ళు సాధన చేస్తున్నదాన్ని జీవరత్నం సొంతూరు కేశవలంకలో దిక్కుల ఆట అనేవాళ్ళు. ఉత్సవం రోజుల్లో, పడమటి ముఖంగా ఉండే చెన్నకేశవస్వామి ముందు గుడి సాని ఎనిమిది దిక్కులకీ తిరిగి, పాట ఏ దిక్కు దేవుణ్ణి పిలిస్తే ఆ దిక్కుకి ఇన్ని పూలు, ఇన్ని అన్నం మెతుకులు వేసి ఆడేది. ముందు తూర్పున ఇంద్రుడు, తర్వాత ఆగ్నేయంలో అగ్ని, దక్షిణాన యముడు, అలా చుట్టూ. సానులు గుళ్ళో ఆడకూడదని చట్టం వచ్చిన ఏడు వరకూ, అంటే పాతికేళ్ళ కిందటి వరకూ, ఆ గుళ్ళో అది ఆడినది జీవరత్నమే.

ఇందుమతీదేవి ఎదురుగా చూసి ఇంద్రుడికి పూలు వేసింది. పాట అగ్నిని పిలిచింది. ఆమె ఎడమ పక్కకి తిరిగింది.

గుమ్మంలో హైమవతి కుడి భుజం దానంతటది కదిలింది.

ఆమె ఉలిక్కిపడి తలుపు రెక్క పట్టుకుంది. పదేళ్ళ పిల్లప్పుడు పూలపళ్ళెం పట్టుకుని అమ్మ వెనకాలే నిలబడి, అమ్మ తిరిగినప్పుడల్లా తిరిగిన ఒళ్ళు అది. మళ్ళీ చూసింది. ఇందుమతీదేవి దక్షిణానికీ ఎడమకే తిరిగింది. అన్ని దిక్కులకీ అంతే. పూలు మాత్రం కుడి చేత్తో వేస్తోంది. ఒళ్ళు ఒకవైపు పోతుంటే చెయ్యి దాన్ని దాటుకుని అడ్డంగా రావడంతో నడుం దగ్గర ఒక మెలిక పడుతోంది. చూడ్డానికి బాగానే ఉంది. అదే చిత్రం.

తెర పక్కన జీవరత్నం ఆ అడుగుల చప్పుడు వింటూ, కళ్ళు మూసుకుని, తృప్తిగా తలాడిస్తోంది.

రిక్షాలో హైమవతి అడిగింది. "నువ్వింకా ఊళ్ళో ఉన్నప్పుడు ఆవిడొచ్చి పది రోజులుంది కదా. ఎలా నేర్పావమ్మా?"

"ఎలా ఏవిటే? కూర్చునే నేర్పాను. నించోగలనా? నడుం తిప్పి, భుజం తిప్పి చూపించాను. రాసుకుంది, బొమ్మలేసుకుంది."

"నీ పక్కన కూర్చుందా, ఎదురుగానా?"

"ఎదురుగానే. నా వెనక్కొచ్చి కూర్చోండి అమ్మగారూ, మా అమ్మమ్మ నన్ను అలాగే కూర్చోబెట్టింది అన్నాను. వెనకనుంచి నీ వీపు తప్ప ఏం కనపడుతుంది రత్నం అంది. నిజమే కదా మరి, పుస్తకంలో మొహం వెయ్యాలి కదా." జీవరత్నం నవ్వింది. "ఎందుకే? బాగా చెయ్యటం లేదా? అడుగు బాగానే పడుతోందే."

"అడుగు బాగానే పడుతోంది," అంది హైమవతి. "అసలెందుకు నేర్పావు? మన ఊళ్ళో ఇన్ని మాటలు పడి, నేను ఇంత దూరం పారిపోయొచ్చి బతుకుతుంటే, మళ్ళీ దాన్నే తవ్వి తీసి ఎవరికో ఇవ్వడం ఎందుకు?"

జీవరత్నం రోడ్డు వైపు చూసింది, చూపు ఆనుతున్నట్టే. "ఇంకెవరికివ్వను? నువ్వొద్దన్నావు కదే."

అందులో నిష్ఠూరం లేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నట్టు అంది. మునిసిపల్ బాలికల బళ్ళో హైమవతి లెక్కల టీచరు. రిజిస్టరులో తండ్రి పేరు కేశవరావు, వృత్తి వ్యవసాయం. ఊళ్ళో స్వామి పేరుకి ఒక 'రావు' తగిలించి రాయించుకున్నది ఆమే. ఇరుగుపొరుగు అడిగితే అమ్మని పెద్దమ్మ అని చెబుతుంది. జీవరత్నం ఆ సంగతి ఊరి నుంచి వచ్చిన మొదటి రోజే కనిపెట్టి, వీధిలోకి వచ్చినప్పుడు ఆమెని 'హైమవతిగారూ' అని పిలుస్తుంది. ఎవరూ చెప్పకుండానే.

శుక్రవారం ఆమె మధ్యాహ్నం సెలవు పెట్టి హాలుకి వెళ్ళింది. రాత్రంతా ఆలోచించి, చెప్పేద్దామనే నిర్ణయించుకుంది. ఇందుమతీదేవిని పక్కకి పిలిచి, 'చిన్న పొరపాటు జరిగిందండీ, తిరగాల్సింది కుడికి' అని మెల్లగా చెబితే ఇంకా ఒక రోజు టైముంది, దిద్దుకోవచ్చు. లెక్క తప్పిన పిల్లకి చెప్పినట్టు చెప్పాలి, నొచ్చుకోకుండా.

మెట్ల దగ్గరే నాగభూషణం గారు ఎదురయ్యాడు. చేతిలో అచ్చయి వచ్చిన ఆహ్వానాల కట్ట ఉంది. ఒకటి తీసి ఇచ్చాడు. "చూడండి టీచరుగారూ," అన్నాడు. ఆమె మొహం వైపు చూడలేదు.

మంచి దళసరి కార్డు. బంగారు రంగు అంచు. 'అష్టదిక్పాలక నృత్యం. శిథిలాలయ శిల్పాల నుండి, ప్రాచీన శాస్త్ర గ్రంథాల నుండి పరిశోధించి పునరుద్ధరించినవారు శ్రీమతి ఇందుమతీదేవి.' కింద మృదంగం పేరుంది. గాత్రం పేరుంది. అలంకరణ పేరుంది. దీపాలు అమర్చినవాడి పేరు కూడా ఉంది. కార్డు తిరగేసింది. వెనక హాలుకి దారి ఉంది.

ఇందుమతీదేవి అద్దం ముందు కూర్చుని పాపిట బిళ్ళ సరిచూసుకుంటోంది. కార్డు చూడగానే ఆమెకి విషయం అర్థమైంది.

"కూర్చో హైమవతీ."

"అమ్మ పేరు ఎక్కడా లేదండీ."

"చదువుకున్నదానివి, చెప్తే నీకు అర్థమవుతుంది. బయట ఉన్న పిల్లలెవరనుకున్నావ్? ఒకమ్మాయి జడ్జిగారి మనవరాలు. ఒకమ్మాయి పెద్దాసుపత్రి డాక్టరుగారి కూతురు. వీళ్ళ తల్లుల్ని ఒప్పించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అమ్మా ఇది దేవుడి విద్య, శాస్త్రం, మీరు భయపడేది కాదు అని ఒక్కొక్కళ్ళ గడప తొక్కి చెప్పుకున్నాను. ఇప్పుడు కార్డు మీద ఒక సాని పేరు అచ్చేస్తే రేపు పొద్దున్న ఈ హాల్లో నేనూ నా గజ్జెలూ మిగులుతాం."

"నేర్చుకున్నది ఆవిడ దగ్గరే కదండీ."

"కాదన్నానా? కానీ నేర్చుకోవడం వేరు, సేకరించడం వేరు. దాన్ని నేను శుభ్రం చేశాను, ఒక పద్ధతిలో పెట్టాను. లేకపోతే మీ ఊరి దుమ్ములో అలాగే పోయేది." పాపిట బిళ్ళ తీసి పెట్టెలో పెట్టింది. గొంతు మెత్తబడింది. "నీ మంచి కూడా చూశాను. రేపు ముఖ్య అతిథి మీ హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరమ్మగారు. మైకులో రత్నం పేరు చదివారనుకో. పక్కనే నువ్వు. ఈ ముసలావిడ నీకేమవుతుందని అడగరూ? ఏం చెప్తావ్?"

చెప్పడానికి వచ్చిన మాట హైమవతి నోటి దాకా వచ్చి ఉంది. నాలుక మీద ఉంది. దాన్ని మింగేసింది.

తిరగనీ, అనుకుంది. అందరి ముందూ, పండితుల ముందూ తిరగనీ. అగ్నిని పిలిచి ఈశాన్యానికి పూలు వెయ్యనీ. శవం చుట్టూ తిరిగినట్టు అప్రదక్షిణంగా ఎనిమిది దిక్కులూ తిరగనీ. శాస్త్రాలు చదివింది కదా, శిల్పాలు చూసింది కదా.

"వస్తానండీ," అని లేచింది.

"ఇదిగో, ఇది రత్నానికి," అని ఇందుమతీదేవి ఒక చీర పొట్లం అందించింది. "రేపు ఇది కట్టుకుని మూడో వరసలో కూర్చోమను. స్టేజి మీద వద్దు. పీట మీద తాళం నేనే వేయిస్తాను ఎవరిచేతనైనా."

ఇంటికొచ్చి కార్డు చదివి వినిపించింది. జీవరత్నం గుమ్మంలో కూర్చుని గజ్జెల తాడు పేనుతోంది. ఇందుమతీదేవి గజ్జెలే. తాడు పాతబడిందని తనే అడిగి తెచ్చుకుంది. నూలు పోగులు మూడు కలిపి, మైనం పట్టించి, తొడ మీద అరచేత్తో పేని, ఒక్కో గజ్జెకీ ముడి వేసి, గోటితో ముడి బిగుతు చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి మోగించి తర్వాతదానికి పోతోంది. చూపుతో పని లేని పని. చదవడం అయిపోయాక ఆమె చెయ్యి ఒకసారి ఆగింది.

"దీపాలవాడి పేరుందా?"

"ఉంది."

"ఊఁ." మళ్ళీ పేనడం మొదలెట్టింది. "పోనీలే. పేరు నేనేం చేసుకుంటాను. నేను పోయినా ఆట నిలబడుతుంది. అది చాలదూ."

ఆ మాటకి హైమవతి లోపలికి వెళ్ళి, అవసరం లేకపోయినా బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరింది. చాలాసేపు ఏరింది.

శనివారం సాయంత్రం ఐదింటికి హాలు నిండింది. ముందు వరసలో మధ్యన ఎస్తేరమ్మగారు, తెల్లచీర, నల్ల సంచీ. మూడో వరసలో జీవరత్నం, హైమవతి, దారికి అవతల పండితులు. కొత్త చీర జీవరత్నం మీద గంజితో నిలబడి ఉంది. మడతలు ఇంకా విప్పుకోలేదు.

ఆట అనుకున్నట్టే జరిగింది. ఇందుమతీదేవి ముందు, పిల్లలు వెనక. ఎడమకి, మళ్ళీ ఎడమకి. హైమవతి పండితుల మొహాల వైపు చూస్తూ కూర్చుంది. ఇప్పుడు ఎవరో ఒకరు కనుబొమ్మ ఎత్తుతారు. పక్కవాడి చెవిలో ఏదో అంటారు. ఎవరూ ఎత్తలేదు. చప్పట్లు కొట్టారు. పక్కన జీవరత్నం కూడా, ఏమీ కనిపించకుండానే, అందరికంటే గట్టిగా కొట్టింది.

విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన శేషగిరి ఆచార్యులు మైకు దగ్గరికి వచ్చాడు. ఇలాంటి నృత్యం తను చూడటం ఇదే మొదలన్నాడు. "ముఖ్యంగా ఆ మెలిక గమనించండి. దేహం ఒకవైపు, హస్తం మరొకవైపు. ఈ విరుద్ధ చలనమే ఈ నృత్యానికి ప్రాణం. దీని మీద నేనొక వ్యాసం రాయాలనుకుంటున్నాను. అమ్మా, పిల్లలచేత ఆ ఒక్కటీ మళ్ళీ చేయిస్తారా?"

"తప్పకుండా," అంది ఇందుమతీదేవి.

ఎనిమిది మంది పిల్లలు ముందుకొచ్చారు. చివరి పిల్ల మడమ ఇప్పుడు బాగా ఆనుతోంది. ఎనిమిది మందీ ఒక్కసారి ఎడమకి తిరిగారు, ఎనిమిది చేతులు అడ్డంగా వచ్చాయి, ఎనిమిది నడుములు మెలిక పడ్డాయి. ముద్దుగా, ఒక్క లాగున, తప్పుగా.

హైమవతికి అప్పుడు తెలిసింది. ఎవరూ కనుక్కోరు. ఈ పిల్లలు రేపు ఇంకో ఎనభై మందికి నేర్పుతారు. ఈయన వ్యాసం రాస్తాడు. ఇంక అమ్మ వచ్చి చెప్పినా 'నీకు మర్చిపోయిందేమో ముసలమ్మా' అంటారు. తను నోరు మూసుకుని ఇందుమతీదేవిని ఏమీ చెయ్యలేదు. అమ్మ ఆటకే నిప్పు పెట్టింది.

లేచి నిలబడింది. "ఒక్క మాట అడగాలండీ."

ఇందుమతీదేవి మొహం బిగుసుకుంది. ఆచార్యులు, "అడగండమ్మా," అన్నాడు.

"తూర్పు తర్వాత దిక్కేదండీ?"

హాల్లో ఎవరో నవ్వారు. "ఆగ్నేయం," అన్నాడాయన.

"తూర్పుకి మొహం పెట్టి నిలబడితే ఆగ్నేయం ఏ చేతివైపు?"

ఆయన జవాబు చెప్పబోయి ఆగి, ఒక చెయ్యి కొద్దిగా ఎత్తాడు. "కుడి."

"వీళ్ళంతా ఎడమకి తిరిగారు. అగ్నిని పిలిచి ఈశాన్యానికి పూలు వేశారు. అక్కణ్ణుంచి ఎనిమిది దిక్కులూ తిరగబడ్డాయి. మీరు ప్రాణమన్న ఆ మెలిక తప్పు అడుగండీ."

"టీచరుగారు లెక్కలు చెబుతారు, నృత్యం కాదు," అంది ఇందుమతీదేవి నవ్వుతూ. "నేను శిల్పాలు చూసి..."

"రాయి తిరగదు కదండీ!" హైమవతి గొంతు హాలంతా వినపడింది. తనకే కొత్తగా ఉంది ఆ గొంతు. "శిల్పానికి కుడికి తిరగడం, ఎడమకి తిరగడం ఉండదు. పుస్తకంలో అయితే ప్రదక్షిణమనే ఉంటుంది. కుడి ఎడమయ్యేది ఒక్కచోటే. తిరుగుతున్న మనిషికి ఎదురుగా కూర్చుని, చూసి రాసుకున్నప్పుడు. మీరు మా ఇంటి అరుగు మీద పది రోజులు అలాగే కూర్చున్నారు. పూలు కుడి చేత్తో వెయ్యాలని తెలుసు కాబట్టి చెయ్యి దిద్దుకున్నారు. కాళ్ళు దిద్దుకోలేదు. ఆ మెలిక శాస్త్రంలో పుట్టలేదండీ, మా అరుగు మీద పుట్టింది. మీరు ఆవిడ దగ్గర నేర్చుకున్నారనడానికి అదే సాక్ష్యం."

జీవరత్నం కూతురి చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగుతోంది. "ఎడమకా? ఎడమకి తిరిగిందా? నాకు చెప్పలేదేమే?" అని, వెంటనే గొంతు తగ్గించి, "కూర్చో హైమవతిగారూ. పెద్దవాళ్ళు చూస్తున్నారు. మీ బడావిడ కూడా ఉంది. కూర్చోండి," అంది.

"ఎవరావిడ?" అన్నాడు ఆచార్యులు. జేబులోంచి కలం తీశాడు. "అమ్మా, మీ పేరు?"

"నా పేరెందుకు బాబూ," అంది జీవరత్నం. "నేను ఈ అమ్మగారింట్లో..."

"గొల్లవిల్లి జీవరత్నం," అంది హైమవతి. "కేశవలంక చెన్నకేశవస్వామి గుడి సాని. మా అమ్మ."

ఎస్తేరమ్మగారు వెనక్కి తిరిగి చూసింది. హైమవతి ఆ చూపు తప్పించుకోలేదు. అమ్మ రెండు చేతులూ పట్టుకుని లేపింది. వరస దాటి ముందుకి వచ్చేసరికి ఎస్తేరమ్మగారు మోకాళ్ళు పక్కకి జరిపి దారిచ్చింది. "సంచీ ఇలా ఇవ్వండి టీచర్. ఆవిణ్ణి రెండు చేతుల్తో పట్టుకోవాలి కదా, మెట్లున్నాయి," అంది. అంతే అంది. సంచీ తీసుకుని తన సంచీ పక్కన ఒళ్ళో పెట్టుకుంది.

స్టేజి ఎక్కాక జీవరత్నం మైకు దగ్గర నిలబడలేదు. కాళ్ళతో చెక్కలు తడుముకుంటూ కాసేపు అటూ ఇటూ తిరిగింది. పిల్లలు వెనక్కి జరిగారు. నాగభూషణం గారు మృదంగం ఒళ్ళోకి లాక్కుని చూస్తున్నాడు.

"తూర్పెటే?" అంది జీవరత్నం.

హాల్లో మూడొందల మంది ఉన్నారు. కిటికీలన్నిటికీ నల్లతెరలు వేసి ఉన్నాయి. ఆచార్యులు ఒకవైపు చూపించబోయి చెయ్యి దించుకున్నాడు.

"తలుపు తీయండి ఎవరైనా," అంది హైమవతి.

వాచ్‌మన్ వెనక పెద్ద తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాడు. సాయంకాలపు ఎండ కుర్చీల మధ్య దారి పొడుగునా పాక్కుంటూ వచ్చి స్టేజి మెట్లెక్కి జీవరత్నం మొహం మీద పడింది. ఆమె శుక్లాల కళ్ళు చికిలించి, ఆ వెచ్చదనాన్ని చెంపలతో చూసి, మెల్లగా దానికి వీపు పెట్టి తిరిగింది. మూడొందల మందికీ వీపు పెట్టింది. కొత్త చీర కొంగు నడుముకి బిగించింది. హైమవతి చెప్పులు మెట్ల మీద వదిలి వచ్చి ఆమె వెనకాల నిలబడింది.

జీవరత్నం కుడి చెయ్యి ఎత్తి ఆపింది. ఎదురుగా వెనక తెర ముందు ఏదో రంగుల ముద్ద కదలకుండా ఉంది.

"ఎవరది, అమ్మగారా?" అంది. గొంతులో మర్యాద అలాగే ఉంది. "స్వామికి అడ్డంగా ఉన్నారు. కాస్త పక్కకి తప్పుకోండి."

ఇందుమతీదేవి తప్పుకుంది.